పదకొండో ఇల్లు

మొన్న ఆదివారం మా బేస్‌మెంట్ అద్దెకు చూసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. కాలేజీలో చేరడానికి ఖమ్మం నుంచి ఈ మధ్యే దిగిన పిల్ల. గది నచ్చింది గానీ గోడకు ఆనించి ఉన్న పుస్తకాల బీరువాను కాస్త జరిపితే తన మంచం పడుతుందంది. ఇద్దరం చెరో పక్కా పట్టి జరిపాం. జరిపాక చూద్దును గదా, బీరువా వెనకాల గోడంతా పెన్సిల్ గీతలు. మధ్యలో పెద్ద సున్నా, దాని చుట్టూ గళ్ళు, ప్రతి గడిలో ఒక అంకె, అంకె కింద చీమల బారులాంటి తెలుగు అక్షరాలు.

"ఇదేంటి ఆంటీ?" అంది అమ్మాయి.

"ఊరు," అన్నాను.

"ఏ ఊరు?"

"ఉక్రెయిన్‌లో ఉంది. పేరు నాకు పలకడం రాదు."

అమ్మాయి నా వైపు అనుమానంగా చూసింది. ఆమె తప్పేం లేదు. గోడకు మేకు కొట్టకూడదు, గీత పడకూడదు అని అద్దెకిచ్చిన రోజే చెప్పే మనిషిని నేను. తొమ్మిదేళ్ళపాటు బుద్ధిగా తలూపి, బీరువా చాటున ఏకంగా ఒక ఊరినే కట్టేశాడన్నమాట ఇక్కడ అద్దెకున్న డాక్టరు గారు. నాకు కోపం రావలసింది. రాలేదు. మరేం వచ్చిందో కూడా సరిగ్గా చెప్పలేను.

డాక్టరు గారు అంటున్నానే గానీ, ఆయన డాక్టరు కాడు. ఉక్రెయిన్‌లో నాలుగేళ్ళు మెడిసిన్ చదివి, ఐదో ఏడు మధ్యలో వదిలేసిన మనిషి. ఇక్కడ కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకు లేబుళ్ళు అంటించేవాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నేను కావాలనే "డాక్టరు గారూ" అని పిలవడం మొదలుపెట్టాను. వెటకారమే, దాచడమెందుకు. ఆయన ప్రతిసారీ "నేను డాక్టర్ని కాదక్కా" అని ఓపిగ్గా దిద్దేవాడు. తొమ్మిదేళ్ళలో నేను పిలవడం మానలేదు, ఆయన దిద్దడం మానలేదు.

మా ఇంట్లో నీళ్ళ పైపులన్నీ బేస్‌మెంట్ సీలింగ్ మీదుగా పోతాయి. ఒకరోజు మెట్ల దగ్గర నిలబడి, తల వంచుకుని, "అక్కా, ఒక మాట అంట, తప్పుగా అనుకోవద్దు. నెల రోజుల సంది పైపులు బాగా మోగుతున్నయ్. వంటింటి పైపు మోగుతుంది, ఎంటనే బాత్రూం పైపు మోగుతుంది. షుగర్ చూపించుకోండ్రి," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పరాయి మగవాడు కింద కూర్చుని నేను ఎన్నిసార్లు బాత్రూముకు పోతున్నానో లెక్కపెడతాడా! మా ఆయన ట్రక్కు డ్రైవరు, లోడు తీసుకుని వెస్ట్‌కు పోయి ఉన్నారు కాబట్టి సరిపోయింది గానీ, ఇంట్లో ఉంటే పెద్ద రభసే అయ్యేది. రెండు రోజులు డాక్టరు గారితో మాట్లాడలేదు. మూడో రోజు వెళ్ళి టెస్టు చేయించుకుంటే షుగరు ఉండనే ఉంది. ముఖం చెల్లక, ఒక గిన్నెడు పులిహోర పట్టుకుని కిందికి దిగాను. "డాక్టర్ని కాదక్కా, చెవులున్నయ్, విన్న, అంతే," అని గిన్నె తీసుకున్నాడు.

వంట కూడా వింతగానే ఉండేది. కందిపప్పులో గుప్పెడు సోయకూర, అదే ఇక్కడి డిల్ ఆకు, వేసేవాడు. ఆ వాసన మెట్లెక్కి నా పూజగది దాకా వచ్చేది. బీట్‌రూట్‌తో ఎర్రగా ఒక పులుసు కాచి, పైన పెరుగు వేసి నాకు పంపేవాడు. నేను ఆ బీట్‌రూట్ ముక్కలు ఏరి పోపు వేసుకుని తినేదాన్ని. ఆ సంగతి ఆయనకు చివరిదాకా తెలియదు.

ఇక సూపర్ మార్కెట్‌కు ఆయనతో వెళ్ళడమంటే నాకు తలవంపులే. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక అక్కడి జనం ఈ చుట్టుపక్కలకు చాలామంది వచ్చారు కదా. ఎవరి నోటి వెంటైనా ఆ భాష వినపడితే చాలు, ఉల్లిపాయల సంచీ అక్కడే వదిలేసి వాళ్ళ ముందు నిలబడేవాడు. వాళ్ళ భాషలో ఏదో అడిగేవాడు. మీది ఏ జిల్లా, ఏ ఊరు, ఫలానా చెరువు తెలుసా అని. చామనఛాయ మనిషి తమ మాట మాట్లాడుతుంటే వాళ్ళు ముందు సంతోషపడేవారు, తరవాత తికమకపడేవారు, ఆఖరికి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవారు. నేను ట్రాలీ తోసుకుంటూ పక్క వరసలోకి జారుకునేదాన్ని.

ఆ ఊరి గురించి నాకు తెలిసిందంతా మంచు ఎత్తేటప్పుడు విన్నదే. డ్రైవ్‌వేలో మంచు ఎత్తడం ఆయన పని, గరాజ్ తలుపులో కాఫీ పట్టుకుని నిలబడటం నా పని. పారకు ఒక ఇల్లు చొప్పున లెక్కపెడుతూ ఎత్తేవాడు. అది ఊరనడానికి కూడా లేదు, ఒక చెరువూ దాని చుట్టూ ఇరవై ఏడు ఇళ్ళూ, అంతే. చదువుకునే రోజుల్లో, చలికాలం జ్వరాలప్పుడు, అక్కడి నర్సమ్మకు సాయంగా ఆరు వారాలు ఉండమని కాలేజీ వాళ్ళు పంపారట. అందుకని ఆయనకు ఆ ఊళ్ళో మనుషుల పేర్లు గుర్తులేవు. రోగాలు గుర్తున్నాయి.

"ఒకటి, నర్సమ్మ. కాళ్ళల్ల నరాలు ఉబ్బుతయ్," అని ఒక పార. "రెండు, మోకాళ్ళ వాపు," అని ఇంకో పార. మూడో ఇంటాయనకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు ప్రపంచ యుద్ధంలో పక్కింటి మీద బాంబు పడింది, అప్పటి నుంచీ కుర్చీ ఎప్పుడూ ఎడమ చెవి గోడ వైపు వచ్చేలా వేసుకుంటాడు. ఏడో ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకటే బీపీ, ఒకటే మాత్ర, ఒకరితో ఒకరికి మాటల్లేవు. దానికి పెద్ద మాత్ర ఇచ్చావా అని ఇద్దరూ విడివిడిగా అడుగుతారు. తొమ్మిదో ఇంటి ముసలామెకు ఆయాసం. ఆమె దిండు కింద ఎప్పుడూ ఎండు రొట్టె ముక్కలుంటాయి. ఇంటి నిండా తిండి ఉన్నా సరే, ముక్కలు ఎండబెట్టి దిండు కింద పెట్టుకుంటుంది. పధ్నాలుగో ఇంటాయనకు మూడు వేళ్ళు లేవు, ఊరుమ్మడి పొలంలో మొదటిసారి నూర్పిడి మిషను దింపిన రోజు పోయాయి. పంతొమ్మిదో ఇంటబ్బాయికి దగ్గు. రియాక్టర్ పేలినప్పుడు అక్కడ మట్టి ఎత్తడానికి పంపారు, వచ్చినప్పటి నుంచీ తగ్గలేదు.

వినగా వినగా నాకు ఆ ఊరి నూరేళ్ళ కథా ఒంటి నొప్పుల వరసలోనే తెలిసింది. రాజులెవరో, జెండాలు ఎన్నిసార్లు మారాయో అడిగితే ఆయనకు తెలియదు. ఏ ఇంట్లో ఎక్కడ నొప్పి అంటే తడుముకోకుండా చెప్పేవాడు.

తడుముకునేది ఒక్కచోటే. "పది, కంటి పొర, బాతులున్నయ్, కరుస్తయ్," అనేవాడు. అన్నాక పార గాల్లోనే ఆగిపోయేది. కాసేపటికి "పన్నెండు," అని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

"మధ్యలో పదకొండు ఏదండీ?" అన్నాను ఒకసారి.

"అదే దొరుకుతలేదక్కా."

"మన వీధిలో చూడండి, పదీ పన్నెండూ ఈ పక్కన, పదకొండు ఎదురుగా. అక్కడా అంతేనేమో."

"ఎదురుగ చెరువుండె."

"పోనీ మీరున్న ఇల్లు లెక్కలో వేసుకున్నారా?"

"ఏసుకున్న. నర్సమ్మ ఇంట్లనే ఉంటిని. అది ఒకటి."

నా తెలివితేటలు అక్కడితో అయిపోయాయి.

ఆయన ఆ లెక్క ఎందుకు వదలడో చాలా ఏళ్ళకు గానీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం నేను మందుల డబ్బా సర్దుకుంటూ, ఏ రోజు మాత్ర వేసుకోవడం మర్చిపోయానో తెలియక సణుక్కుంటుంటే, ఉన్నట్టుండి మొదలుపెట్టాడు. నర్సమ్మ వారానికొకసారి ఇరవై ఏడు మందు పొట్లాలు కట్టి ఇచ్చేదట. మొదటిది ఆమె బల్ల మీదే పెట్టి బయల్దేరేవాడు. ప్రతి గేటుకూ నీలం రేకు మీద తెల్ల అంకె. పది తరవాత ఒక పాడుబడ్డ ప్లమ్ తోట, తోట తరవాత పన్నెండు. పదకొండు రేకు ఎక్కడా లేదు. తోటలోకి మాత్రం మనుషులు నడిచిన కాలిదారి ఉంది. లోపలికి వెళ్ళి చూశాడు, ముళ్ళు, మంచు, ఇంకేమీ కనపడలేదు. చెరువు చుట్టూ తిరిగొచ్చేసరికి చేతిలో ఒక పొట్లం మిగిలేది.

"నర్సమ్మ అడుగుతది, అన్నీ అయినయా అని. నేను అన్నీ అయినయ్ అంట," అన్నాడు.

"అదేంటి, ఫలానా ఇల్లు కనపడలేదని చెప్పొచ్చుగా?"

"పెద్దామె అక్కా. అంత నమ్మకంగ అడిగితే కాలేదని ఎట్ల చెప్తం?"

ఇది మాత్రం నాకు అర్థమైంది. మనవాళ్ళం పెద్దవాళ్ళు తలూపమన్నట్టు చూస్తే ఊపేస్తాం, దారి తెలియకపోయినా తెలుసంటాం. చెరువు గడ్డకట్టి ఉంది కాబట్టి మిగిలిన పొట్లాలు పడేసే చోటు కూడా లేక కోటు జేబులోనే ఉంచుకున్నాడట. ఆరు వారాలు, ఆరు పొట్లాలు. ఆరో వారం నర్సమ్మ బయటి నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ, "ముసలామె పోయింది," అంది. ఏ ముసలామె, ఏ ఇల్లు అని ఈయన అడగలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కి కాలేజీకి వెళ్ళిపోయాడు. కొన్ని నెలలకు కాలేజీ కూడా వదిలేశాడు.

"ఒక ఇల్లు వదిలేసినోడు డాక్టర్ ఎట్లయితడక్కా?" అన్నాడు. మందుల డబ్బా నా చేతిలోంచి తీసుకుని, బుధవారం గడిలో మిగిలిపోయిన మాత్ర చూపించాడు.

అప్పుడు నిర్ణయించుకున్నాను, ఈయనకు ఆ పదకొండో ఇల్లు ఎవరిదో తెలియాలి, తెలిస్తే గానీ ఈ మనిషి బాగుపడడు అని. అప్పటి నుంచి సూపర్ మార్కెట్‌లో నేనే ముందుండి, "ఆ వరసలో ఎవరో మీవాళ్ళ మాట మాట్లాడుతున్నారు, వెళ్ళండి," అని తోసేదాన్ని. ఏడాదిన్నర తరవాత, పెరుగు డబ్బాల దగ్గర ఒకమ్మాయి తల అడ్డంగా ఊపలేదు. మా అమ్మమ్మకు ఆ చెరువు తెలుసంది.

ఆ అమ్మమ్మ పక్క ఊరు కిచెనర్‌లో మనవరాలి అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. ఎనభై దాటిన మనిషి, మణికట్లు మాత్రం ఇంకా మగవాడివిలా ఉన్నాయి. ఒకప్పుడు గుర్రబ్బండి మీద ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పాలు పోగుచేసేదట. ఆ ఆదివారం ఆయన్ని నేనే కారులో తీసుకెళ్ళాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. నాకు వాళ్ళ భాష రాదు గానీ మంచు ఎత్తేటప్పుడు విన్న వరసే కాబట్టి, ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుంటే మూడో ఇల్లని, వేళ్ళు ముడిస్తే పధ్నాలుగని తెలుస్తోంది. పాలావిడ పడీ పడీ నవ్వింది. ఏడో ఇంటి అక్కచెల్లెళ్ళ దగ్గర ఆవిడ ఏదో కలిపింది, ఈయనా నవ్వాడు. మధ్యమధ్యలో నాకు తెలుగులో చెబుతున్నాడు. పాలు కూడా ఇద్దరూ వేరు వేరు క్యాన్లలోనే పోసేవారట.

పది దగ్గర ఆగాడు. ఏదో అడిగాడు. పాలావిడ నవ్వు ఆపింది. చెయ్యి బల్ల మీద బోర్లించి, మెల్లగా, చాలాసేపు చెప్పింది. ఆయన నాకు ఏమీ చెప్పడం లేదు. నేను ఆవిడ ముఖమూ ఈయన ముఖమూ మార్చి మార్చి చూశాను. ఎవరో చచ్చిపోయారని చెబుతోందో, బతికే ఉన్నారని చెబుతోందో కూడా నాకు తెలియలేదు.

"ఏమంటోందండీ?" అన్నాను.

"ఏం లేదక్కా," అన్నాడు.

పాలావిడ లేచి ఆయన కప్పులో టీ పోసింది. ఆయన తాగలేదు.

కారులో కూర్చున్నాక, నేను తాళం తిప్పాక చెప్పాడు. "పదకొండుల మనుషులు లేరంట అక్కా. నేను పోయేనాటికి అరవై ఏళ్ళ ముందే పోయిన్రంట. అమ్మ, నాయిన, ముగ్గురు పిల్లలు. పంట మంచిగనే పండిందంట ఆ ఏడు. గింజ మిగల్చకుండ సర్కారోళ్ళు ఎత్తుకపోయిన్రంట. ఆకలికి పోయిన్రు. ఇల్లు కూలింది. ఊరోళ్ళు లెక్కలకెల్లి మాత్రం తియ్యలే. ఎవరడిగినా ఇరవై ఏడే చెప్పేటోళ్ళంట, నర్సమ్మ పొట్లాలు గూడ ఆ లెక్కనే కట్టేదంట. రేకులు కొట్టనీకి ఆఫీసరొస్తే, పదకొండు ఆళ్ళదే, దాన్ని ఇంకొకరికి ఇయ్యొద్దన్నరంట."

"మరి ఆ నర్సమ్మ మీకు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నేను అడగలే గదా. అడగకుంట మేం ఎవరికీ చెప్పం అన్నది ఈమె."

నాకు గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. "అయితే మంచిదేగా డాక్టరు గారూ! మీరు ఎవర్నీ వదిలేయలేదు. మీ తప్పేం లేదు."

"అవును. మంచిదే," అన్నాడు. సీటు బెల్టు లాక్కుంటూ, "అంటే పోయిన ముసలామె నేను చూసినామెనే. నేను మాత్రలిచ్చినా పోయింది. అట్ల పోతరు గదా అక్కా, డాక్టర్లు చూసినా?"

"పోతారు మరి."

"మరి నేనెందుకు వదిలేసిన?"

ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది, కారు కదల్చలేకపోయాను. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఇరవై ఐదేళ్ళుగా మోస్తున్న తప్పు తప్పే కాదని తెలిస్తే మనిషి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆ తప్పు తీసేస్తే ఆయన చేతిలో లేబుళ్ళు తప్ప ఇంకేం మిగల్లేదని నాకు తట్టనే లేదు. తీసుకెళ్ళి మంచి చేశానో చెడు చేశానో ఆ రోజూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ తరవాత లెక్క ఆగిపోయింది. మంచు పడ్డప్పుడల్లా మాట లేకుండా ఎత్తేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "పది, కంటి పొర, బాతులు," అని నేనే అందించాను. "యాదికి లేదక్కా," అన్నాడు. అన్నేళ్ళు ఆ లెక్కతో నా చెవులు తినేశాడని విసుక్కున్నదాన్ని, అది లేకపోయేసరికి ఇల్లు బోసిపోయింది.

ఆ వసంతంలో ఒకరోజు పెరట్లో మేపుల్ చెట్టు మొదట్లో ఒక గుండ్రటి రొట్టె కనపడింది. చక్కగా గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. నేను పైనుంచే కేకలేశాను, "తిండి బయట పెట్టకండీ, రకూన్లు వస్తాయి!" అని. ఆయన కింద కిటికీలోంచి చూసి "సరే అక్కా" అన్నాడు. రొట్టెను నేనే తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను. ఎందుకు పెట్టారని అడగలేదు.

పోయిన చలికాలం, షిఫ్టు మధ్యలో బ్రేక్‌రూములో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె. డాలస్ నుంచి తమ్ముడొచ్చి జరగవలసింది జరిపించాడు. దహనం రోజున పాలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. చంకలో గుడ్డ చుట్టిన గుండ్రటి రొట్టె ఉంది. అచ్చం నేను చెత్తబుట్టలో పడేసిన రొట్టె లాంటిదే. ఇదేమిటని మనవరాలిని అడిగాను. వాళ్ళ ఈస్టర్ వెళ్ళిన వారం ఊరంతా చనిపోయినవాళ్ళ దగ్గరికి రొట్టె తీసుకెళ్తారట. పదకొండో ఇంటివాళ్ళకు ఎవరూ మిగల్లేదు కాబట్టి, పదో ఇంటివాళ్ళూ పన్నెండో ఇంటివాళ్ళూ వంతులు వేసుకుని ఆ ప్లమ్ చెట్ల కింద పెట్టేవారట. తోటలో కాలిదారి ఆ నడకదే. యుద్ధం వల్ల ఇప్పుడా ఊళ్ళో ఎవరూ లేరు, వంతులు ఎవరివని మా అమ్మమ్మ బెంగపెట్టుకుంటే, నేను పెడతానని మీ ఆయన మాటిచ్చాడు అంది. ఆ పిల్ల ఆయన్ని నా భర్త అనుకుంది. నేను దిద్దలేదు. ఏడుస్తున్నాను.

ఇదంతా ఖమ్మం పిల్లకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పను? ఆమె అప్పటికే ఫోను లైటు వేసి గోడ మీది అక్షరాలు చదువుతోంది. "ఒకటి, కాళ్ళ నరాలు. మూడు, ఎడమ చెవి. తొమ్మిది, ఆయాసం, దిండు కింద రొట్టె..." అన్నీ పాత పెన్సిల్ రాతలు, అన్నింటి పక్కనా పెన్సిల్ టిక్కులు. పది తరవాత ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"పదకొండు మాత్రం పెన్నుతో రాశారు ఆంటీ. 'ఐదుగురు. ఆకలి.' దానికీ టిక్కు పెట్టారు."

కళ్ళద్దాలు సవరించుకుని దగ్గరికి వెళ్ళాను. నీలం ఇంకు, నా ఫ్రిజ్ మీద కట్టి పెట్టే పెన్నే అయి ఉంటుంది. ఇరవై ఏడో గడి దాటాక, గోడ అంచున, అదే ఇంకుతో రెండు మాటలున్నాయి. "అన్నీ అయినయ్."

ఎప్పుడు రాశాడో తెలియదు. పాలావిడ దగ్గర్నుంచి వచ్చిన రోజో, నేను రొట్టె పడేసిన రోజో. రాశాక మనసు కుదుటపడిందో, లేక నర్సమ్మకు చెప్పినట్టే చెప్పేశాడో అదీ తెలియదు. బీరువా మళ్ళీ గోడకు జరుపుదామా వద్దా అని అక్కడే నిలబడ్డాను.

"అన్నీ రోగాలే ఉన్నాయి. ఇక్కడ డాక్టర్ ఉండేవారా ఆంటీ?" అంది అమ్మాయి.

"అవునమ్మా, డాక్టరు గారే," అన్నాను.

దిద్దడానికి ఈసారి ఎవరూ లేరు.